తొండి వెలిగిన అద్దం

నాకు మా వదినంటే కుళ్లు. ఈ వయసులో దాచుకుని చేసేదేముంది, చెప్పేస్తున్నాను. ఆమెకు చీనీతోట, అదే బత్తాయితోట ఉందనో, మోకాళ్లు పట్టుకోకుండా మిద్దె మెట్లు ఎక్కుతుందనో కాదు. నేను బతికిందంతా మాటల మీదే. కథలు రాశాను, నవలలు రాశాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. మా బీరువాలో చీరల కంటే అవే ఎక్కువ చోటు తింటున్నాయి. అయినా నేను రాసిన వాక్యం ఒక్కటంటే ఒక్కటి, బస్సులో పక్కసీటు మనిషి నోట వినిపించిన పాపాన పోలేదు. మా వదిన పదో తరగతి తప్పి, ఆ తర్వాత పుస్తకం మొహం చూడలేదు. ఆమె ఒకనాడు శనక్కాయలు నములుతూ ఒక మాట అనింది. ఆ మాట ఈరోజుకీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల తిరుగుతూనే ఉంది. కడుపు మండదా మరి?

పోయిన నెల పులివెందుల బస్టాండులో మళ్లీ విన్నాను. ప్రొద్దుటూరు బస్సు వచ్చి ఆగగానే ఒక పిల్లోడు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరాడు. వాడు జనంలోంచి తోసుకుని లోపలికి వచ్చేసరికి, ఇంకొకడు ఆ తువ్వాలు మడిచి పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మొదటివాడు కోపం చేసుకోలేదు. వాడి భుజం మీద తట్టి, "తొండి ఎలిగింది గానీ, లెయ్యప్పా" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. కూర్చున్నవాడు కూడా నవ్వుతూ లేచాడు. నేను ఆ పిల్లోణ్ని పిలిచి, ఆ మాట యాడిది నాయనా అని అడిగాను. వాడు తల గోక్కుని, "ఏమో అవ్వా, ఎవురన్నా తొండి జేస్తే మా ఊర్లో అట్లే అంటారు. తొండి ఎలగడమేందో నాకూ తెలీదు" అన్నాడు. నాకు తెలుసు. ప్రపంచంలో ఆ సంగతి పూర్తిగా తెలిసినవాళ్లు ఇంక ఇద్దరమే మిగిలాం. నేను, మా చెన్నమ్మ వదిన. ప్రొద్దుటూరులో నన్ను ఎవరో సాహిత్య సభకు పిలిస్తే ఆ బస్సు ఎక్కాను. నాకు ఒంట్లో బాగాలేదని వాళ్లకు ఫోను చేసి, బస్సు దిగి లింగాల ఆటో ఎక్కాను.

ఆమె ఎవరో చెప్పాలంటే ముందు మా మామ ఇంటికి పోవాలి. మామంటే మా అమ్మకు అన్న, ఓబుళరెడ్డి. జమ్మలమడుగులో ఉండేవాడు. చెన్నమ్మ వదిన ఆయన కూతురే, నాకంటే కొంచెం పెద్దది. ఇంటర్ చదువు కోసం నన్ను చక్రాయపేట నుంచి తెచ్చి ఆ ఇంట్లో దింపారు. మామ సేద్యం గుత్తకిచ్చేసి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, బావుల మోటార్లకు రాగితీగ చుట్టే పని పెట్టుకున్నాడు. భూమి ఉన్న రెడ్డికి ఈ నల్లచేతుల పనేందని చుట్టాలంతా నవ్వేవాళ్లు. ఆయన చెవిన పెట్టేవాడు కాదు. పొద్దున్నే గోనెపట్ట పరిచి, పనిముట్లు వరసగా పేర్చుకుని, ఆకూవక్కా బుగ్గన పెట్టి కూర్చునేవాడు. ఏ ఇనుపముక్క దొరికినా గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తీగకు పూసే వార్నీషు వాసన షెడ్డులోంచి వచ్చేది, అత్త వేయించే ఎండుమిరపకాయల ఘాటు వంటింట్లోంచి వచ్చేది. రెండూ నడవలో కలుసుకుని మా అందరినీ దగ్గించేవి. సంగటిముద్ద కూడా వార్నీషు కంపు కొడతాందని అత్త రోజూ ఒకసారి తిట్టేది. మామ ఆ ముద్దనే పచ్చిపులుసులో అద్దుకుని, కళ్లు మూసుకుని తినేవాడు.

మామ మెచ్చుకోవడమనేది ఒక పెద్ద వ్యవహారం. ఎవరేం చూపించినా "ఊ" అనేవాడు. బాగుంటే ఊ, బాగలేకపోతే ఊ. నాకు క్లాసులో తెలుగులో మొదటి మార్కు వచ్చిందని చెప్పినా ఊ అనే అన్నాడు. కానీ ఏదైనా నిజంగా మనసుకు పట్టిందనుకోండి, నమలడం ఆపేవాడు. బుగ్గ అట్లాగే ఉబ్బి నిలిచిపోయేది. అప్పుడు, "అదీ" అనేవాడు. అంతే. ఆ "అదీ" ఒక్కటి నా పేరు మీద పడాలని నేను ఆ ఇంట్లో పడిన ఆరాటం, తర్వాత ఏ బహుమతి కోసమూ పడలేదు.

ఒకసారి మోటారు సామాన్ల కోసం బెంగుళూరు పోయి వచ్చిన మామ, కాళ్లు కూడా కడుక్కోకుండా సుద్దముక్క తీసుకుని షెడ్డులో నాపరాయి బండల మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. అక్కడ ఒక హోటల్లో పిన్‌బాల్ అనే ఆట మిషను చూశాడట. ఏటవాలు పలక, దాని మీద అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గుండు సర్రున పైకిపోయి, గంటలకూ దీపాలకూ తగులుకుంటూ కిందికి దొర్లి వస్తుంది. కింద రెండు రెక్కలు ఉంటాయి. గుండు జారిపోకుండా మీటలు నొక్కి ఆ రెక్కలతో మళ్లీ పైకి కొడుతుండాలి. జారిపోతే ఆట అయిపోయినట్టు. దసరాకు ప్రొద్దుటూరులో ఆటల పందిళ్లు వేయించే శెట్టి ఒకాయన మామకు స్నేహితుడు. పండగ నాటికి అట్లాంటిది చేసిస్తే తన పందిట్లో నడిమధ్యన పెడతానని మాటిచ్చాడు. ఇంక మా ఇల్లు ఇల్లు కాదు. పులివెందులలో రేడియోలు బాగుచేసే జిలానీని మామ పిలిపించాడు. తీగల పనంతా జిలానీది. వచ్చిన రోజే మామను మామా అని, అత్తను అత్తా అని పిలిచి, ఉగ్గాని రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. చెక్కపని మామదే, పాత వాకిలి తలుపు కోసి పలక చేశాడు. లారీ బేరింగుల్లోంచి గుండ్లు వచ్చాయి, సైకిలు ట్యూబులు కోసి రబ్బరు పట్టీలు చేశారు, గంటలు కూడా సైకిళ్లవే. గుండు తగిలినచోట గంట ఎట్లా మోగాలి, రెక్క ఎంత జోరుగా లేవాలి అని మామా జిలానీ పొద్దస్తమానం వాదించుకునేవాళ్లు.

అన్నీ కుదిరాక మామ నావైపు చూశాడు. ఊరికే గుండ్లు పొర్లితే ఎవరు చూస్తారు, ఒక బొమ్మ కావాలి, నాలుగు మాటలు కావాలి, నీకు బొమ్మలు వచ్చు, తెలుగు వచ్చు, నువ్వు చెయ్యమన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. గండికోట వేద్దామన్నాను. కొండ మీద కోట, నడుమ లోయ, లోయలో పెన్న. గుండు కోట ఎక్కాలి, పెన్నలో పడితే ఆట సరి. మామ "ఊ" అన్నాడు. మిషను వెనక నిలబెట్టే పెద్ద అద్దం మీద బొమ్మ వేయాలి. రంగు అద్దానికి వెనకవైపు పూయాలి, దాని వెనక దీపాలు వెలగాలి. నేను మొదటిసారి "గండికోట" అని అందంగా రాసి, ముందుకు తిప్పి చూస్తే అక్షరాలన్నీ కుడిఎడమలు తారుమారై ఉన్నాయి. చెన్నమ్మ వదిన నడుము పట్టుకుని నవ్వింది. చదువుకున్న మరదలు ఉర్దూ రాసిందని జిలానీకి చెప్పి మరీ నవ్వింది. నేను కిరసనాయిలుతో తుడిచేసి, అక్షరాలు తిరగరాయడం నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ అద్దంలో చూసినట్టు రావాలంటే మాటలా? వేళ్లు తిమ్మిరెక్కేవి. సింహద్వారము, విజయస్తంభము, పెన్నా ప్రవాహమున పతనము అని మూలమూలకూ రాశాను. స్తంభం పక్కన ఒక పద్యం కూడా రాశాను. నేనే అల్లిన పద్యం. మామ అన్నిటికీ "ఊ" అన్నాడు.

వదినకు పనేమీ ఇవ్వలేదు. ఆమె తనకు తానే ఒక పని కల్పించుకుంది, ఆడి చూడటం. ఆటల్లో ఆమెను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. తొండి చెయ్యడంలో జిల్లాలోనే లేరేమో. వామనగుంటలాడితే అరచేతిలో గింజలు దాచేది, అచ్చనగాయలాడితే కిందపడిన కాయను పైట కొంగుతో పైకి లేపేది, పట్టుకుంటే నన్నే దబాయించేది. ఈ మిషను దగ్గర కూడా అంతే. గుండు పెన్నవైపు జారుతుంటే నడుముతో ఒక్క తోపు తోసేది. మిషను అదిరి గుండు పక్కకు తప్పుకునేది. మామ చూసి తిట్టలేదు. ఇంటి ఆడపిల్లే ఇట్లా చేస్తే దసరాకొచ్చే మగరాయుళ్లు ఊరుకుంటారా అని ఆలోచనలో పడ్డాడు. గోడ నిలువు చూడటానికి తాపీమేస్త్రీ వేలాడదీసే గుండు ఒకటి తెచ్చి, మిషను లోపల తీగకు కట్టి, దాని చుట్టూ ఒక ఇత్తడి కడియం బిగించాడు. మిషనును ఎవరైనా గట్టిగా అదిరిస్తే గుండు ఊగి కడియానికి తగులుతుంది. తగిలితే రెక్కలు చచ్చుబడతాయి, గంటలు మూగబోతాయి, ఒక బల్బు వెలుగుతుంది. వదిన కంతిరితనానికి మా మామ ఇంత తెలివి ఖర్చు పెట్టాడు. నా పద్యానికి ఒక్క "ఊ". అప్పటినుంచే మొదలైంది నా మంట.

ఆ బల్బు ముందు అద్దం మీద ఏం రాయాలన్నది ప్రశ్న. ఇది నా ఇలాకా, ఇందులో వేలు పెట్టేవాళ్లు లేరు. ఈసారి మామ నమలడం ఆపుతాడని నాకు గట్టి నమ్మకం. బాగా ఆలోచించి "క్రీడాతిక్రమణము" అన్నాను. జిలానీ బల్బు ముందు మాట కోసం వదిలిన కిటికీలాంటి జాగాను బెత్తెతో కొలిచి, ఇంత మాట ఈడ పట్టదమ్మే అన్నాడు. "కదపరాదు" అన్నాను. పోనీ "ఆట రద్దు" అన్నాను. మామ దవడలు ఆడుతూనే ఉన్నాయి. అవతల వదిన కొంగులో శనక్కాయలు పోసుకుని తింటూ, ఒంటిచేత్తో ఆడుతోంది. గుండు జారబోయింది. పాత అలవాటు కదా, తుంటితో ఒక తోపు తోసింది. టక్కున గంటలు ఆగిపోయాయి. ఇంకా ఏమీ రాయని అద్దం వెనక ఎర్రబల్బు వెలిగింది. మేమందరం ఆమెనే చూస్తున్నాం. ఎప్పుడూ ఒప్పుకోని మనిషి, ఆ దీపం మొహాన పడేసరికి ఏం చెయ్యాలో తోచక, నోట్లో శనక్కాయలు అట్లాగే పెట్టుకుని అనింది.

"సరేలే నాయనా, తొండి. తొండి ఎలిగింది. ఇంగ చూసింది సాలు."

మామ నమలడం ఆపాడు. బుగ్గ ఉబ్బి నిలిచిపోయింది. నాకు ఏం జరగబోతోందో తెలిసిపోయింది, చెవులు మూసుకోవాలనిపించింది.

"అదీ" అన్నాడు మామ. తర్వాత నావైపు తిరిగి, "అదే రాయమ్మే. తొండి" అన్నాడు.

నేను రాశాను. నా చేత్తోనే, నా కుంచెతోనే, ఎర్రరంగుతో, తిరగరాతలో. త ఒత్వం, సున్నా, డ గుడి. నా క్రీడాతిక్రమణము పట్టని కిటికీలో ఆ మాట కొలిచి కుట్టించిన రవికలాగా సరిపోయింది. కుళ్లుతో గీతలు వంకరపోయాయని చెప్పాలని ఉంది గానీ, పోలేదు. ఆ మాటను చక్కగా రాశాను. అదే నా దౌర్భాగ్యం, అక్షరం ఎవరిదైనా చెడగొట్టలేను. సొమ్మొకరిది సోకొకరిది అంటారు. అక్కడ సొమ్మూ ఆమెదే, సోకూ ఆమెదే, నాకు దక్కింది వేళ్ల తిమ్మిరి.

దసరాకు ప్రొద్దుటూరు పందిట్లో మిషను పెట్టారు. ఆ ఊరి దసరా సంగతి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అంగళ్లు మూసి వచ్చే శెట్లు, బండ్లు కట్టుకుని వచ్చే పల్లె జనం, మల్లెపూలు, కాగిన నూనె వాసన. నేను మిషను పక్కనే నిలబడి, ఎవరు నా పద్యం చదువుతారా అని కాచుకున్నాను. ఎవరూ చదవలేదు. విజయస్తంభం వైపు చూసిన నరుడు లేడు. అందరికీ తొండి వెలగాలి. కొందరు ఆట వదిలేసి కావాలనే మిషనును తోసి, బల్బు వెలగగానే గుంపంతా ఒక్క గొంతుతో "తొండి ఎలిగింది" అని అరిచేవాళ్లు. రాజుపాలెం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మీసమూ మనుషులూ ఉన్న పెద్దాయన. ఆయన ఎదుట ఊళ్లో ఎవరూ కూర్చోరని విన్నాను. గుండు జారబోతే ఆయన కూడా మిషనును పట్టుకుని ఊపాడు. తొండి వెలిగింది. ఈసారి ఎవరూ అరవలేదు. ఆయన మొహం మీద ఆ మాట అనగల మనిషి ఆ పందిట్లో లేడు. అద్దం మీద మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూసి, మెల్లగా మీసం కింద నవ్వి, "మిషనుకు మన బయం ల్యాదు గదరా" అన్నాడు. అప్పుడు లేచిన నవ్వుకు పందిరి గుంజలు ఊగాయి. తొండి ఎలగడమనే మాట ఆ పొద్దే పందిరి దాటి పోయింది. ఎద్దుల బేరాల్లోకి, పంచాయితీల్లోకి, ఎన్నికల్లోకి కూడా పోయింది. మొహం మీద అనలేనిది అనడానికి జనానికి ఒక దీపం దొరికింది. నేను నిజం ఒప్పుకోవాలి కదా, "క్రీడాతిక్రమణము వెలిగింది" అని ఏ ఎద్దుల బేరగాడూ అనడు.

తర్వాత టీవీలకు తగిలించే ఆటలు వచ్చాయి, శెట్టి పందిట్లో మిషను మూలకు పోయి, మళ్లీ మామ షెడ్డుకే చేరింది. మామ పోయాక షెడ్డు విప్పారు. జిలానీ పులివెందులలోనే కన్నుమూశాడని చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఉద్యోగం పేరు మీద ఊళ్లు తిరిగాను, రాస్తూ పోయాను. ఇప్పుడు పిల్లలు ఫోనులో గుండ్లాట ఆడుతుంటారు, చూశాను. అందులో దీపాలకు లెక్కలేదు, చప్పుళ్లకు కొదవలేదు. కానీ తోద్దామంటే తొయ్యడానికి ఏముంది, అరచేతిలో అద్దం తప్ప. ఒక ఆట కోసం ఒక ఇంటి తలుపు కోసిన మనిషిని, ఒక చప్పుడు కోసం అన్నం మానుకుని పోట్లాడుకున్న ఇద్దరిని నేను చూశాను. నేనూ వాళ్లలో ఒకతెనే. నలుగురం కలిసి చేసిన పనిలో మిగిలింది మాత్రం నాలుగో మనిషి మాట, అదీ పని చెయ్యకుండా తింటూ కూర్చున్న మనిషి మాట. ఆ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లింగాలలో ఆటో దిగేసరికి వదిన వాకిట్లో చీనీకాయలు ఏరుతోంది. ఫోను చెయ్యకుండా ఊడిపడితే సంగటి మిగలదని ముందే తిట్టి, తర్వాత కౌగిలించుకుంది. లోపలికి అడుగుపెట్టగానే నాకు మళ్లీ కుళ్లు పుట్టే సంగతి ఎదురైంది. నడవ గోడకు ఆ అద్దం ఉంది. గండికోట, లోయ, పెన్న, సగం రాలిపోయిన నా పద్యం, అన్నీ ఉన్నాయి. షెడ్డు విప్పిన రోజు తెచ్చుకుందట. తొండి కిటికీ వెనక ఒక బల్బు పెట్టించి స్విచ్చి కూడా వేయించింది. ఎర్రరంగు మాత్రం చెక్కుచెదరలేదు. తొండి అని అప్పుడే రాసినట్టుంది. ఎంతైనా నేను పూసిన రంగు.

వదిన మనవరాలు మజ్జిగ తెచ్చిచ్చింది. కడపలో ఇంజనీరింగు చదువుతోందట, చురుకైన పిల్ల. నేను అద్దం ముందు నిలబడటం చూసి ఇదేందో తెలుసా జేజీ అని మొదలుపెట్టి, ఊరంతా అనే ఈ మాట ఇక్కడినుంచే పుట్టిందంటుంది మా జేజి, నిజమేనా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపల వదిన అందుకుంది.

"ఈ యమ్మేనే ఆ మాట రాసింది. శానా చదువుకున్న మనిషి. నాకేం తెల్సు, నేను శనక్కాయలు తింటాంటి."

నేను వదిన వైపు చూశాను. ఆమె చీనీకాయ తొక్క తీస్తూ ఉంది, తల ఎత్తలేదు. నిజంగానే మరిచిపోయిందా? వయసు కదా, మరిచిపోయి ఉండొచ్చు. ఇంతకాలం నన్ను కాల్చిన సంగతి ఆమె మనసులో లేనే లేదు కాబోలు. ఇంక మామ లేడు, జిలానీ లేడు. ఆమెకే గుర్తులేకపోతే ఆ మాట ఎవరిది? రాసింది నేనే కదా, అబద్ధం ఎక్కడుంది? నా పుస్తకాలన్నీ ఒకవైపు పెట్టి, ఈ రెండక్షరాలు ఒకవైపు పెడితే, రెండక్షరాలే తీసుకుంటానని నాకు తెలుసు. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. జేజీ, అంటే ఆ మాట నీదేనా అని మళ్లీ అడిగింది.

"నాదేనమ్మా" అన్నాను.

వదిన చీనీకాయ పళ్లెంలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మోకాళ్లు పట్టుకోకుండా లేచి, గోడ దగ్గరికి పోయి, స్విచ్చి వేసింది.